ఘాట్ రోడ్డులో నిద్ర

వ్యాను తాళం తీసుకెళ్లి నేరుగా ఆ అమ్మాయి చేతిలో పెట్టారు పాస్టరుగారు. అది చూసి హెడ్మాస్టరుగారికి గుండె జారిపోయింది.

ఉద్యోగం విరమించి ఈ ఊరొచ్చి, సంఘంలో చేరి ఇంకా నెల తిరగలేదు. అయినా ఆ అమ్మాయి సంగతి ఆయన చెవిన పడనే పడింది. లైసెన్సు వచ్చిన కొత్తలో ఇదే కొండదారిలో, వానలో ఆమె నడుపుతున్న కారు జారి లోయలో పడిందట. ఆమె బతికింది. పక్కనున్న కుర్రాడు పోయాడు. ఆ తర్వాత చాలాకాలం గడప దాటలేదట. బతిమాలి, పక్కన కూర్చుని, ఆమె చేత మళ్లీ స్టీరింగు పట్టించింది పాస్టరుగారేనట.

హెడ్మాస్టరుగారు ఆయన్ని పక్కకు పిలిచారు. కొండ మీద యువజన కూటానికి ఇంతమంది పిల్లల్ని తీసుకెళ్తున్నామని, మబ్బు పట్టిందని, డ్రైవరును పిలిపిద్దామని నచ్చజెప్పారు.

పాస్టరుగారు అంతా విని నవ్వారు. “మన సంగతి తెలిసి కూడా దేవుడు తన పని మన చేతుల్లోనే పెట్టాడు కదండీ. నేను ఒక బండి పెట్టలేనా?”

ఇంట్లో పిల్లలు లేరు కాబోలు, అందుకే పరాయి పిల్లల మీద ఇంత గారం అనుకుని, హెడ్మాస్టరుగారు గొణుక్కుంటూ పాస్టరుగారి భార్య వెనకే బండెక్కారు.

మొదటి మలుపులోనే వాన అందుకుంది. వెనక పాటలు ఆగిపోయాయి. అమ్మాయి బండి పక్కకు తీసి ఆపేసింది.

“అయ్యగారూ, మీరు నడుపుతారా?”

“నువ్వుండగా నేనెందుకు తల్లీ? నాకు నిద్రొస్తోంది.”

ఆయన సీటు వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నారు. కాసేపటికి గురక కూడా వినిపించింది. అమ్మాయి ఆ ముఖంకేసి కొంచెంసేపు చూసి, నిటారుగా కూర్చుని బండి కదిలించింది. మలుపు మలుపుకూ హారను కొట్టింది. ఎదురొచ్చిన లారీకి ఒదిగి దారిచ్చింది. ముందు సీటు కడ్డీని బిగించి పట్టుకున్న హెడ్మాస్టరుగారు ఎప్పుడు వదిలేశారో ఆయనకే తెలియదు. వెనక పాటలు మళ్లీ మొదలయ్యాయి.

కొండపైన బండి ఆగగానే పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. అమ్మాయి స్టీరింగు మీద తల ఆన్చి ఏడ్చి, అంతలోనే నవ్వింది. పాస్టరుగారు కిందికి దిగి, ఛాతీ విరుచుకుని కాపలాదారుతో అంటున్నారు, “ఇంత వానలో మా అమ్మాయే నడిపింది.”

హెడ్మాస్టరుగారికి కూడా గర్వంగానే అనిపించింది. దిగేటప్పుడు కూడా నువ్వే నడపాలని ఆ అమ్మాయికి గట్టిగా చెప్పి, పాస్టరమ్మగారి దగ్గరకు వచ్చారు. ఆవిడ తువ్వాలుతో ఆ అమ్మాయి తల తుడిచి, లోపలికి పంపిస్తున్నారు.

“అయ్యగారిది గొప్ప మనసమ్మా. కానీ ఆ పోయిన కుర్రాడి తల్లిదండ్రులు ఈ పిల్లని చూస్తే ఏమనుకుంటారో. ఇంతకీ వాడు ఎవరి పిల్లాడు?”

“మా వాడేనండీ,” అన్నారావిడ.