ఫ్రానె రానన్నాడు

"రానంటే రాను. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?" అన్నాడు ఫ్రానె.

జొరానాకు ఒళ్లు మండిపోయింది. పొద్దున్నే జాగ్రెబ్‌లో బయల్దేరి, ఒక్కతే కారు నడుపుకుంటూ, వంతెన దాటి ఈ దీవికి వచ్చింది. గేటు దగ్గర నిలబడి ఎంత పిలిచినా ఈ మనిషి తల తిప్పలేదు. బోర్లించిన పడవ పాత రంగు గోకుతూనే ఉన్నాడు. చివరికి అతని భార్య లూత్సా వంటింటి కిటికీలోంచి, "అక్కణ్ణుంచి అరిస్తే ఏం లాభం? ఎదురుగా వెళ్లి నిలబడు" అంది. అప్పట్నుంచీ ఎండలో ఎదురుగా నిలబడి బతిమాలుతూనే ఉంది. అతను ఆమె మొహంలోకి గుచ్చి గుచ్చి చూస్తాడు, రానంటాడు, మళ్లీ పడవ వైపు తిరుగుతాడు. అలా తిరిగాడంటే ఇక రాతితో మాట్లాడినట్టే.

"శనివారం షిబెనిక్ కోటలో కచేరీ పెట్టారయ్యా! మన బ్యాండు పుట్టి ముప్పయ్యేళ్లు. ఊరంతా పోస్టర్లు. నీ బొమ్మా నా బొమ్మా పక్కపక్కనే."

"నన్ను అడిగే వేశారా?"

"అడుగుదామంటే ఫోనెత్తితే కదా నువ్వు!"

"ఫోన్లో మాట్లాడ్డం మానేశాను."

"అవునులే. ఫోను మానేశావు, గిటారు మానేశావు, పాటలు కట్టడం మానేశావు. ఇంక నీకు మిగిలిందేమిటి?"

"ఈ పడవ. ఇది నన్ను పోస్టర్లెక్కించదు."

లూత్సా కాఫీ, ఎండు అంజీరలు తెచ్చి రాతి అరుగు మీద పెట్టింది.

"నువ్వన్నా చెప్పు వదినా!" అంది జొరానా.

లూత్సా ఏదో అనబోయింది. ఫ్రానె కళ్లెర్రజేశాడు. ఆమె నోరు మూసుకుని లోపలికి వెళ్లిపోయింది.

జొరానా కాఫీ ముట్టుకోలేదు. మాట తగ్గించింది.

"చూడు, నీ దగ్గర దాపరికం ఏముంది. ఇప్పుడు నాకు చేపల పండగలూ, షాపుల ప్రారంభాలూ తప్ప ఏమీ దొరకట్లేదు. రేడియోవాళ్లకి నా పేరు చెబితే, ఆవిడ ఇంకా పాడుతోందా అని అడుగుతున్నారట. ఎన్నాళ్లకో పెద్ద స్టేజీ దొరికింది. నువ్వు రాకపోతే కచేరీయే లేదంటున్నారు. జనం మనిద్దర్నీ కలిపి చూడ్డానికే టిక్కెట్లు కొన్నారు."

"వేరేవాణ్ణెవణ్ణన్నా పెట్టుకో. గిటారు వాయించే కుర్రాళ్లకి కరువా?"

"ఆ పాటలు నీవి! వాటిని నీలా ఎవడు వాయిస్తాడు?"

ఫ్రానె అంజీర పండొకటి తీసుకుని, తినకుండా చేతిలో నలుపుతూ కూర్చున్నాడు.

"నాకు తెలుసులే నీ కడుపులో ఏముందో" అంది జొరానా, మళ్లీ గొంతు పెంచి. "అప్పట్లో నేను బ్యాండు వదిలేసి సొంతంగా పాడబోయానని. అంతేగా? అదేదో మొహం మీదే అనరాదూ!"

"అది ఎప్పుడో మర్చిపోయాను."

"మరింకేమిటయ్యా నీ ఏడుపు?"

ఫ్రానె లేచి నిలబడ్డాడు.

"నిజం కావాలా? నీ గొంతు పోయింది. కొత్త పాటలు విన్నాను. చిల్లుపడ్డ బకెట్టులో రాళ్లేసి ఊపినట్టుంది. ఆ గొంతు పక్కన నిలబడి వాయించడం నావల్ల కాదు. చాలా?"

పేపర్లవాళ్లు జొరానా వయసు మీద రాశారు, జుట్టు రంగు మీద రాశారు, విడాకుల మీద పేజీలకు పేజీలు రాశారు. గొంతు జోలికి మాత్రం ఇంతవరకూ ఎవరూ రాలేదు. మొదట అన్నవాడు ఈ మనిషి. ఆమె గొంతును అందరికంటే ముందు మెచ్చుకున్నదీ ఈ మనిషే.

"సరే. పాడతాను" అంది, పళ్లు బిగించి. "ఇక్కడే, ఇప్పుడే. మన మొదటి పాట. పూర్తిగా విని, అప్పుడు అను ఆ మాట."

ఫ్రానె ఒక్క క్షణం తడబడ్డాడు. పారిపోవడానికి దారి వెతుక్కుంటున్నవాడిలా ఇంటి వైపు చూశాడు. తర్వాత పడవకు ఆనుకుని, ఆమె పెదాల మీదే చూపు నిలిపి చేతులు కట్టుకున్నాడు.

"పాడు."

జొరానా నిటారుగా నిలబడింది. నిండా గాలి పీల్చి నోరు తెరిచింది.

మొదటి మాట పెదాల దాకా వచ్చింది కానీ శబ్దం రాలేదు. దారంతా మింగుకుంటూ వచ్చిన దిగులు, ఇప్పుడు పడిన అవమానం, అన్నీ కలిసి గొంతుకు అడ్డం పడ్డాయి. రెండో చరణానికైనా వస్తుందేమో అనుకుంది. రాలేదు. ఏళ్ల తరబడి టీవీ స్టూడియోల్లో టేపుకు తగ్గట్టు నోరాడించిన అలవాటు కొద్దీ పెదాలు మాత్రం ఆగలేదు. పాట పైకెక్కే చోట మెడ నరాలు ఉబ్బాయి, చెయ్యి తనంతట తనే గాల్లోకి లేచింది. అప్పుడూ అంతే. ఊపిరి తప్ప ఏమీ లేదు. రాళ్లకు నీళ్లు తగిలే చప్పుడు, పక్క పెరట్లో ఎవరో మేకు కొడుతున్న చప్పుడు, అవే వినిపించాయి.

పాట ముగిసింది. ఆమె తల వంచుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక అతను ఏమన్నా పడాల్సిందే. ఆ మాట కోసం ఎదురు చూసింది.

ఎంతకీ రాకపోయేసరికి తలెత్తింది. ఫ్రానె రంగు అంటిన ముంజేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు.

"తప్పుగా అన్నాను పిల్లా, మనసులో పెట్టుకోకు" అన్నాడు. "గొంతు ఏం మారలేదు. ఆ పైకెక్కే చోటయితే అప్పటికంటే ఇప్పుడే బాగా పాడావు!"