తొలికాపు

కాకి ముద్ద ముట్టలేదు.

డాబా పిట్టగోడ మీద విస్తరాకు పెట్టి అరగంట దాటింది. నాలుగు కాకులు వచ్చాయి. ఒకటి ముద్దను ముక్కుతో పొడిచి, తల విదిలించుకుని వెనక్కి గెంతింది. ఆ తర్వాత నాలుగూ నీళ్ల ట్యాంకు మీద వరసగా కూర్చుని కిందికే చూడసాగాయి. మిట్టమధ్యాహ్నం, నాందేడ్ ఎండ మాడు పగలగొడుతోంది. అయినా ఆ చూపులకు స్నేహల్ ఒంట్లో చలి పుట్టింది.

ఆ రోజు ఆమె మామ అంబాదాస్ సంవత్సరీకం. కాకి తింటేనే పోయినవాళ్లు తిన్నట్టు. తినకపోతే వాళ్ల మనసులో ఏదో ఉండిపోయినట్టు. ముద్దల్లో కలిపింది ఆయనకు ప్రాణమైన బీరకాయ కూర. అదీ స్నేహల్ చేతి పంట. గజం నేల లేని ఇంట్లో, రంగు డబ్బాలకు అడుగున మేకుతో తూట్లు పొడిచి, భర్త అనికేత్ కర్ఖేలి ఊరి పొలం నుంచి తెచ్చిన నల్లరేగడి నింపింది. పొలంలో బంగారం పండించే ఆ మన్ను డబ్బాలో పడేసరికి రాయిలా బిగుసుకుంది. మళ్లీ తవ్వి, ఇసుకా పెంటా కలిపి, మూడుసార్లు విత్తితే రెండు తీగలు బతికాయి. ఆ రెండింటికీ కలిపి ఐదు కాయలు. ఒక్కటి కూడా తినకుండా మామ కోసమే ఉంచింది.

ఊరికే ఉంచలేదు. చివరి నెలంతా ముసలాయన మెట్ల కింది గదిలో మంచం పట్టాడు. మెట్ల మీద ఎవరి అడుగు వినపడినా “రూపాలి అచ్చిందా?” అని అడిగేవాడు. రూపాలి ఆయన ఆఖరి కూతురు. నచ్చినవాణ్ని చేసుకుని ముఖేడ్‌లో ఉంటోంది. ఫోన్ చేశాననీ, రానందనీ పెద్దకొడుకు నందకిషోర్ చెప్పాడు. స్నేహల్ ఆ మాటే మామకు చేరవేసింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏడాదిగా ఆమె మొక్కలకు నీళ్లు మోసుకుంటూ మెట్లెక్కినప్పుడల్లా ఆ గొంతు వెంటే వస్తోంది. చెబితే పిచ్చిదంటారని ఎవరికీ చెప్పలేదు. తన చేతి పంట తింటే ఆయన తనను వదిలేస్తాడని ఒక్కటే ఆశ పెట్టుకుంది.

నందకిషోర్‌కు బట్టల దుకాణం తెరవాలన్న తొందర. ముందు గాలి ఎక్కువగా ఉందన్నాడు, తర్వాత ఈ గల్లీ కాకులకు పొగరన్నాడు. చివరికి డబ్బాల మీద పడ్డాడు.

“రంగు డబ్బల పెరిగినయి పెద్దలకు పెడ్తరా? అందుకే బాపు ముడ్తలేడు. రేపు పొద్దుగాల అవన్ని తీసి అవతల పారేస్త.”

బావకు ఎదురు చెప్పే అలవాటు స్నేహల్‌కు లేదు. కన్నీళ్లు దిగమింగుకుని అత్త వైపు చూసింది. లీలాబాయి ట్యాంకు నీడలో పీట వేసుకుని కూర్చుని ఉంది. పొద్దున్నుంచి కోడలిని కూడా వంటింట్లోకి రానివ్వకుండా, కోయడం, వండడం, ముద్దలు కలపడం అన్నీ తానే చేసింది.

“కూరల ఏం లేదు,” అంది మెల్లగా. “ఆయన మనసుల ఏందో ఉండిపోయింది. ఎవరి దగ్గర ఏమున్నదో చెప్పుండ్రి.”

అనికేత్ చేతులు జోడించి గుట్కా మానేస్తానని మొక్కుకున్నాడు. కాకులకు ఆ గుట్కా సంగతి పట్టినట్టు లేదు. స్నేహల్ ఏడుస్తూ, రూపాలి రాదని చెప్పిన నోరు తనదేననీ, తప్పయితే మన్నించమనీ వేడుకుంది. అప్పుడొక కాకి కిందికి దిగింది. ఒక మెతుకు ముక్కున పట్టి, వెంటనే వదిలేసి, నందకిషోర్ వైపు మెడ సాచి గట్టిగా అరిచింది.

“నిన్నే చూస్తుండు, పెద్దోడా,” అంది లీలాబాయి.

నందకిషోర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎండకు కాలుతున్న డాబా మీదే చతికిలబడ్డాడు.

“బాపూ, నేను ఫోనే చెయ్యలే. అది అస్తే నలుగురిల ఇజ్జత్ పోతదని చెయ్యలే. రానన్నదని అబద్ధం చెప్పిన.”

లీలాబాయి అతని జేబులోని ఫోన్ తీసి చేతికిచ్చింది. అందరి ముందూ అతను చెల్లెలికి ఫోన్ చేసి, జరిగింది చెప్పి, ఇంటికి రమ్మన్నాడు. తండ్రి నెల రోజులు తన కోసం అడిగాడని రూపాలికి అప్పుడే తెలిసింది. అవతల చాలాసేపు ఏడుపు వినపడింది. తర్వాత, దొరికిన బస్సు ఎక్కుతానంది.

ముద్దలు ఎండిపోయాయంటూ లీలాబాయి ఆ ఆకు తీసేసింది. కిందికి వెళ్లి పెరుగన్నం కలిపి తెచ్చి పెట్టింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకునేలోగా కాకులు దిగాయి. ఆకు చిరిగేదాకా తిన్నాయి. నందకిషోర్ చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. స్నేహల్ మెట్లు దిగుతుంటే ఏడాదిలో మొదటిసారి వెనక ఏ గొంతూ వినపడలేదు. గుండెలో బరువు దిగిపోయింది.

వంటింట్లో అందరికీ వడ్డించబోతూ, తన తొలికాపు ఎలా ఉందోనని చిటికెడు కూర నోట్లో వేసుకుంది. విషంలా చేదు. నాలుక మొద్దుబారింది. పెద్దలకు పెట్టేదాకా ఎవరూ నోట పెట్టకూడదు కాబట్టి ఈ సంగతి బయటపడలేదు. మామ కోపమూ లేదు, కోరికా లేదు. బావ అన్నట్టు తప్పంతా తన డబ్బాలదే. బావ ఇది రుచి చూస్తే చెల్లెల్ని రమ్మన్న మాట మీద నిలబడతాడా? రూపాలి అప్పటికే బస్టాండుకు బయల్దేరి ఉంటుంది. గిన్నె తీసుకెళ్లి అత్త ముందు పెట్టింది.

“అత్తమ్మా, కూర చేదున్నది. కాకి ముట్టంది అందుకే.”

లీలాబాయి గిన్నె మీద మూత పెట్టి, పక్కకు జరిపింది.

“ఎర్కనే బిడ్డా, కోసేటప్పుడే కొరికి చూసిన. ఏడాది సంది నేనడుగుతే చెప్పనోడు, కాకి అడుగుతే చెప్పిండు.”