ఒక మనిషి, పది చోట్లు

"మళ్లీ మసకే," అంటూ కోడలు ల్యాప్‌టాప్‌ను అత్తగారి వైపు తిప్పింది.

తెర మీద ఫోటోలో, బస్టాపులో నిలబడిన కోడలు ఉంది. ఉన్నది తనేనని బట్టల రంగును బట్టి తెలుసుకోవాలి. ముఖం నీళ్లు పడ్డ పలకలా ఉంది. వెనక టైమ్‌టేబుల్ బోర్డులో అంకెలు మాత్రం చదవొచ్చు.

"కెమెరా బటన్ సగం నొక్కి ఆగమన్నానా? ఆకుపచ్చ ఫోకస్ గడి నా కంటి మీద పడ్డాక పూర్తిగా నొక్కమన్నానా?"

"అన్నావు."

"మరి?"

"గడి పడింది. నొక్కాను."

"ఎక్కడ పడింది అత్తయ్యా? బోర్డు పక్కన హెల్మెట్ పట్టుకుని నిలబడ్డవాడి గుండీకి వేలాడే దారం కూడా కనిపిస్తోంది. నాకు కళ్లున్నాయో లేదో తెలియట్లేదు!"

అత్తగారు కళ్లజోడు తుడుచుకుని తెరలోకి వంగింది. "అవును, దారం బాగా పడింది," అంది.

కోడలు ల్యాప్‌టాప్ మూసేసింది.

కెమెరాల దుకాణం మేడ మీద, శని ఆదివారాల్లో, ఆమె కొత్తవాళ్లకు ఫోటోలు తీయడం నేర్పుతుంది. బస్సు కండక్టరుగా ముప్పై ఏళ్లు నిలబడి రిటైరైన అత్తగారు నెల కిందట తనూ నేర్చుకుంటానని వచ్చి కూర్చుంది. ఇంట్లో పొద్దుపోవడం లేదు కాబోలు అనుకున్నారు.

కోర్సు చివర ప్రదర్శన ఉంటుంది. దాని పేరు 'ఒక మనిషి, పది చోట్లు'. ఒకే మనిషిని పది చోట్ల తీసి గోడకు పెట్టాలి. పళ్ల డాక్టరు తన కాంపౌండరును తీశాడు. బేకరీ ఆవిడ మొగుణ్ణి తీసింది. అత్తగారు కోడల్ని ఎంచుకుంది. అప్పట్నుంచి కోడలు బ్రెడ్డుకు వెళ్తే వెంట, లైబ్రరీకి వెళ్తే వెంట.

"రెండడుగులు పక్కకి జరుగు. ఇంకొంచెం. ఆఁ, చాలు."

"నన్ను మూలకు తోస్తారేంటి?"

"మనిషిని మధ్యలో పెట్టొద్దని నువ్వేగా చెప్పావు?"

చెప్పిన మాట నిజమే. కోడలు పళ్లు కొరుక్కుని మూలకు జరిగింది.

"అమ్మకి చెయ్యి వణుకుతోందేమో," అన్నాడు మొగుడు, అన్నాల దగ్గర.

"ఎదురింటి పిల్లిని తీశారు చూడు, మీసాలు లెక్కపెట్టొచ్చు. నా దగ్గరికొచ్చేసరికే వణుకుతుందా చెయ్యి?"

"నెమ్మదిగా అడగొచ్చుగా."

"నువ్వే అడుగు. మీ అమ్మేగా."

అతను కంచంలోకి తల దించుకున్నాడు. మంచినీళ్ల చెంబుతో వచ్చిన అత్తగారు, ఎవరూ అడక్కుండానే ఉద్యోగం కబుర్లు మొదలుపెట్టింది. "టికెట్ లేనివాణ్ణి దూరం నుంచి కేకేయకూడదురా. దూకి పారిపోతాడు. చూడనట్టే వెళ్లి పక్కన నిలబడాలి."

ఈ ఇంట్లో టికెట్ లేనిది తనేనని కోడలికి అర్థమైంది. చెయ్యి కడుక్కుని లేచింది.

శుక్రవారం ఫోటోలు గోడకెక్కాయి. దుకాణం యజమాని చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్కటే చూస్తూ వచ్చి, చివరి వరుస దగ్గర ఆగాడు.

"ఇవెవరివి?"

"మా అత్తగారివండీ."

"దీపం కిందే చీకటంటే ఇదే. పాఠం చెప్పే మేడమ్ ముఖమే అలికేసినట్టుంటే కొత్తగా ఎవరు చేరతారమ్మా? ఆదివారం ప్రదర్శనకి జనం వచ్చేసరికి ఇవి ఇక్కడుంటే, వచ్చే వారం నుంచి క్లాసు ఉండదు."

అతను మెట్లు దిగాడు. కోడలు పిన్నులు లాగి, పది ఫోటోలూ బల్ల మీద పడేసింది.

"నా మీద కోపముంటే నోటితో అనండి అత్తయ్యా. నా పొట్ట కొట్టకండి."

అత్తగారు ఫోటోలను వరుస తప్పకుండా సర్ది, పాత కండక్టరు సంచిలో పెట్టుకుంది.

"చెప్పులేసుకో."

"ఎక్కడికి?"

"ఇవి అక్కరకొచ్చే చోటికి."

రెండు వీధులు నడిచారు. అత్తగారు కోడలి మణికట్టు వదల్లేదు. తీసుకెళ్లి పోలీస్ స్టేషన్‌లో బెంచీ మీద కూర్చోబెట్టింది.

"ఫోటో బాగా రాలేదని కోడలి మీద కేసు పెడతారా?"

"కాసేపు నోరు మూసుకో తల్లీ."

ఎస్సై ఆవిడ ఫోటోలు అందుకుంది. వెనక పెన్సిలుతో తేదీ, టైము, చోటు రాసి ఉన్నాయి. బల్ల మీద రెండు వరుసలుగా పేర్చింది.

"స్పష్టంగా ఉంటేనే పనికొస్తాయని చెప్పాను కదమ్మా, పోయిన నెల," అంది.

"అందుకేగా నేర్చుకున్నది. చూడండి."

ఆవిడ చూసింది. "ఫోకస్ ఒక్కదాంట్లో కూడా తప్పలేదు."

కోడలికి ఒళ్లు మండింది. తప్పలేదా? అలికేసిన తన ముఖం చూపించడానికి లేచి బల్ల మీదకు వంగింది. ఎస్సై పెన్సిలు ఆ ముఖాన్ని దాటి, ఆమె భుజం వెనక ఆగింది.

పది చోట్లా ఆ హెల్మెట్ మనిషే.