పేలుడు లేని రోజుల చప్పుడు

కుక్కర్ నాలుగు విజిల్స్ వేసినా వినబడని మొగుడు ఎక్కడో నక్షత్రం పేలితే వింటానంటాడేమిటో లతకు అర్థం కాలేదు. 2005లో పుంగనూరు దగ్గరి తమ తోటలో, కిటికీ లేని శెనక్కాయల గదిలో కంప్యూటర్ పెట్టుకుని చంద్రమోహన్ చేసే పరిశోధన అదే. నక్షత్రాలు పేలి గామా కిరణాలు మెరిసిన క్షణాల్లో గురుత్వ తరంగాలేమైనా వచ్చాయా అని అమెరికా యంత్రాల రికార్డులను శబ్దంగా మార్చి వింటాడు. పోల్చుకోవడానికి ఏ మెరుపూ లేని రోజుల రికార్డులూ వింటాడు.

ఆ రాత్రి మజ్జిగ ఇవ్వడానికొచ్చిన లత కూడా చెవి పెట్టింది.

"ఎవరో నడస్తాండారు కదండీ?"

"నాయిస్, ఉత్త రొద. మెరుపు లేని రోజుల్లో కూడా ఉండాది. అందుకే తీసి పారేసినా."

"పారేసినవన్నీ తేదీల వరసలో పెట్టండి, సూస్తాం."

పెట్టాడు. మొదటి రోజు అడుగులు ఎక్కడో దూరంగా ఉన్నాయి. రోజురోజుకూ దగ్గరయ్యాయి. చివరి రోజు అడుగులు ఆగి, గడియ పడిన చప్పుడొచ్చింది. రికార్డు అయిపోయింది.

అప్పుడు వాళ్ల గదికి బయటినుంచి గడియ పడింది.

లత తలుపు తోసింది, గుద్దింది, అరిచింది. కదల్లేదు. కళ్లం అవతల ఇంట్లో వాళ్ల ఆరేళ్ల కూతురు కీర్తన ఒక్కతే నిద్రపోతోంది.

స్పీకర్లో అడుగులు మళ్లీ మొదలయ్యాయి. చంద్రమోహన్ వైరు పీకేశాడు. అయినా అడుగులు ఆగలేదు. తలుపు అవతల, ఇంటివైపు, తీరిగ్గా పోతున్నాయి.

"లతా," అన్నాడు చంద్రమోహన్. "తప్పు నాదే. అది నాయిస్ కాదు."