మూడు చుక్కల మడుగు

"ఈ అరుదైన తుంగ మూడే చోట్ల మిగిలింది పెద్దమ్మా. దాని పక్కనే దాని కవల, మామూలు తుంగ. కోసేవాళ్లకి తేడా తెలీదు. అందుకే మొత్తం మడుగే బంద్!" మొక్కల ఆఫీసరు నిషేధపు కాగితం మీద సంతకానికి కలం తీశాడు.

చాపలల్లే ముసలామె తడి కట్టను సరిగ్గా ఆ కాగితం మీదే ధబేల్‌మని పడేసింది.

"నాకు తేడా తెలీదా? కోయొద్దంటే మా నలభై ఇళ్లవాళ్లం ఏం అల్లాలి నాయనా, గాలినా?"

కళ్లు మూసుకుని ఒక్కో కాడనూ గోటితో చీల్చింది. "గుజ్జు నిండుగా ఉంటే మామూలుది. నిచ్చెన మెట్లలా తెగితెగి ఉంటే నీ మహారాణి."

కట్ట రెండు కుప్పలయింది. మహారాణి కుప్పే పెద్దది.

ఆఫీసరు భూతద్దంతో వెతికాడు. ఒక్క తప్పు దొరికితే ఒట్టు.

"ఇవెక్కడివి?"

"మడుగు నడిమధ్యవి. అక్కడంతా ఇదే."

అతను గోడమీది మడుగు పటం చూశాడు. తను స్వయంగా గీసిందే. మూడే చుక్కలు. ఆమె కూడా చూసి పకపకా నవ్వింది.

"ఈ మూడూ నీ జీపు ఆగిన చోట్లే కదయ్యా! నువ్వు లెక్క రాసుకోడానికొచ్చిన రోజు నీకు మంచినీళ్లిచ్చింది నేనే. బూటుకి బురదంటకుండా వెళ్లిపోయావు."

ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి అతనికీ నవ్వాగలేదు. కలం జేబులో పెట్టేసి, బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్లదాకా మడిచాడు.

"పదండి పెద్దమ్మా."

ఆమె అతని మోకాళ్లకేసి చూసింది.

"ఇంకా పైకి నాయనా. అక్కడ నడుం లోతు."