వెనకంతా మసక

"ముక్కు మీద కాదు, కండ్ల మీద పెట్టు ఫోకస్. కండ్లు పోతే ఫోటో పోయినట్టే," అన్నాడు గంగాధర్, కుర్చీలోంచి లేవకుండానే.

కెమెరా పట్టుకుని నిలబడ్డ సుశీలకు ఒళ్లు మండింది. పక్కింటి మరమగ్గాల చప్పుడుకు పొద్దుటి నుంచీ తల పగిలిపోతుంటే, పైగా భర్త చెప్పే ఈ పాఠం ఒకటి. పెళ్లి ఫోటోలంటే నీలం నగర్ అంతా అతన్నే పిలిచేది. అలాంటి మనిషి నెల రోజులుగా అశోక్ చౌక్‌లో తన స్టూడియో షట్టర్ ఎత్తలేదు. అడిగితే మెడనొప్పి అంటాడు. మొన్న వాకిట్లో బిందెకు తట్టుకుని పడ్డాడు. తాగొచ్చాడని చుట్టుపక్కల గుసగుసలు. సుశీలకూ ఆ అనుమానం లేకపోలేదు. ఇల్లేమో అత్త అంజమ్మ చుట్టే బీడీల మీద నడుస్తోంది.

ఇప్పుడు ఆదివారం కుంభారిలో ఎవరింట్లోనో పసిబిడ్డ తొట్టెల ఫంక్షన్‌కు ఆమెనే వెళ్లి ఫోటోలు తీయమంటున్నాడు.

"మీరే తియ్యుండ్రి. నాకెందుకు ఉగీచ్, ఉత్తగనే ఈ తిప్పలు?"

"నేర్సుకుంటే పోయేదేముంది? ఇటియ్యి."

కెమెరా ఒళ్లో పెట్టుకుని, దానివైపు చూడకుండానే లెన్స్ మార్చేశాడు. ఏళ్ల తరబడి అలవాటు మరి, అనుకుంది.

"ఇందాకటి లెన్స్ ముప్పై ఐదు. ఇది ఎనబై ఐదు. నంబర్ పెరిగినకొద్ది దూరమున్నది దగ్గరికొస్తది, సుట్టుపక్కలది తగ్గిపోతది. సమజైందా?"

"అయింది. మరి లెన్స్ మీద ఈ ఒకటి పాయింట్ ఎనిమిది ఏంది?"

"అది లోపలి రంధ్రం. నంబర్ చిన్నగైతే రంధ్రం పెద్దగైతది. అప్పుడు సాఫ్‌గ కనబడే జాగా వేలెడంతే. దానికి ముందర మసక, ఎనుక మసక. తొట్టెల కాడ మందిని తీసేటప్పుడు మాత్రం ఎనిమిదో పదకొండో పెట్టు. అందరు సాఫ్‌గ వస్తరు."

"అన్నీ కనబడితే మంచిదే గద. మసక దేనికి?"

గంగాధర్ కెమెరా తిరిగి ఆమె చేతికిచ్చాడు.

"ఒక్కోసారి ఒక్క మొగమే సూడాలనిపిస్తది," అన్నాడు.

గుమ్మంలో అంజమ్మ చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమె వెనక దండెం మీద తెల్ల తువ్వాళ్లు ఆరుతున్నాయి. సుశీల కెమెరా అత్త వైపు తిప్పింది.

"ముసలి మొగం, నాదేం తీస్తవే," అంది అంజమ్మ.

"కదలకమ్మా," అన్నాడు గంగాధర్. "సుశీలా, ఎనుక ఆ ఎర్ర చద్దరు పడనీ. రంగు మంచిగ కరుగుతది."

సుశీల దండెం వైపు చూసింది. భర్త వైపు చూసింది. అత్త కళ్ల మీద ఫోకస్ పెట్టి నొక్కింది.

తర్వాత గోడవైపు తిరిగి, కెమెరాతో కొంచెంసేపు తంటాలు పడింది. వచ్చి దాన్ని అతని చేతికిచ్చింది.

"సూడుండ్రి. ఎట్లొచ్చింది?"

గంగాధర్ కెమెరాను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మస్తు వచ్చింది. అమ్మ కండ్లు సాఫ్‌గ పడ్డయ్. ఎనుకంత మసక. ఇగ నాకు ఫికర్ లేదు సుశీలా, నువ్వు నేర్సుకున్నవ్."

ఇన్నాళ్లకు అతని ముఖంలో నవ్వు కనిపించింది.

"అవును, మంచిగొచ్చింది," అంది సుశీల.

కెమెరా బ్యాటరీ ఆమె గుప్పిట్లో ఉంది.