దర్జీగారి పిల్లి

“అరవడం లేదని బాగున్నట్టా? ముందు నా పిల్లిని చూడాలి” అంటూ దర్జీ పశువుల డాక్టరు గది తలుపుకి అడ్డం పడ్డాడు. చంకలో బుట్ట, బుట్టలో తెల్లపిల్లి.

వరసలో ముందున్న కుక్కాయనకి ఒళ్లు మండింది. “నా కుక్క పొద్దుట్నుంచీ మూలుగుతోంది. మీ పిల్లి హాయిగా పడుకునుంది. దానికేం రోగం?”

“మూలిగితే రోగమని దారినపోయేవాడైనా చెబుతాడు. మూలక్కపోయినా తెలుసుకోవాలి. అదీ పెంచడమంటే” అని దర్జీ ఆయన్ని ఎగాదిగా చూశాడు. లోకంలో తనకొక్కడికే కళ్లున్నట్టు ఉంటుంది దర్జీ వాలకం. చెడిపోయిన చొక్కా తెచ్చినవాళ్లని కూడా అలాగే చూస్తాడు, కుట్టి చెడగొట్టింది తనే అయినా సరే.

ఈ రభస పడలేక డాక్టరమ్మే లోపలికి రమ్మంది. “ఏమైంది పిల్లికి?”

“నా దగ్గరికి రావడం మానేసిందమ్మా. మంచం కింద నక్కుతోంది. గిన్నెలో పెట్టింది పెట్టినట్టే ఉంటోంది. ఎప్పుడూ ఒళ్లు నాక్కుంటూ ఉండేది, ఇప్పుడు బొచ్చు ఉండలు కట్టినా పట్టించుకోవడం లేదు. కుట్టుమిషను మీదకి ఒక్క గెంతున ఎక్కేది, ఇప్పుడు కిందనుంచి చూసి ఊరుకుంటోంది. అనుమానమొచ్చి టేపు పెట్టి కొలిచాను. నడుం రెండంగుళాలు తగ్గింది.”

డాక్టరమ్మ పిల్లి పొట్ట నొక్కి చూసింది. నోరు తెరిచి చూసింది. నెత్తురు తీసి పరీక్ష చేసింది.

“కిడ్నీ జబ్బు. ఇంకొన్నాళ్లు ఊరుకుంటే దక్కేది కాదు. పిల్లులు బాధని పైకి చూపించవు. మీలా కనిపెట్టేవాళ్లు చాలా తక్కువ.”

దర్జీ కాళ్లు నేలమీద ఆనలేదు. మెడ సాచి, బయటున్న కుక్కాయనకి వినపడేలా, “ప్రేమంటూ ఉండాలండీ. ఉంటే అన్నీ వాటంతటవే కనబడతాయి” అన్నాడు. మహానుభావుడు, మెళ్లో దండ ఒక్కటే తక్కువ.

“మందు వేళ తప్పకూడదు” అంది డాక్టరమ్మ. “దీన్ని కనిపెట్టుకుని ఉండడానికి ఇంట్లో మనిషెవరైనా ఉన్నారా?”

“మా ఆవిడ ఉందిగా. ఎలాగూ మూలగదిలోంచి కదలదు” అన్నాడు దర్జీ బుట్ట మూత వేస్తూ. “కంచం ముట్టదు, తల దువ్వుకోదు, పిలిస్తే పలకదు. ఒట్టి బద్ధకం. నోరు తెరిచిందంటే మాత్రం, బట్టలన్నీ వదులైపోయాయి, కుట్లు వేసిపెట్టమని ఒకటే సణుగుడు.”